గొలుసు వాసన

మొన్న కావలిలో ట్రంకు రోడ్డు పక్కన ఇనప సామాను కొట్టు ముందు గొలుసులు గుట్టగా పోసి ఉన్నాయి. గేదెలకు కట్టడానికి కాబోలు, ఒకాయన లంకెలు లాగి లాగి చూసి, నచ్చక, చేతులు పంచెకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆయన వదిలేసిన గొలుసు పట్టుకుంటే అరచేతికి ఎర్రగా అంటింది. చెమటా ఇనుమూ కలిసిన వాసన. మా టౌను పార్కులో ఉయ్యాల దిగి ఇంటికొచ్చిన ఏ పిల్లల చేతులకైనా సాయంత్రం అదే వాసన ఉండేది. సబ్బుతో కడిగినా, అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి మళ్ళీ ముక్కుకు తగిలేది.

పక్కనే టీ తాగుతున్న మా ఊరివాళ్ళిద్దరు ఆ పార్కు గురించే మాట్లాడుకుంటున్నారు. "ఊరి నడిమధ్యన రెండెకరాలు. కాంప్లెక్సు కడితే నెలనెలా అద్దెలొస్తాయి గదా. ఏంది దండగ!" అని ఒకాయన. రెండో ఆయన గ్లాసు దించకుండానే తలూపాడు.

దండగన్న మాట కొత్తదేం కాదు. పార్కు చుట్టూ పిట్టగోడ లేచినప్పటి నుంచీ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. అందులో కొంత నిజమూ ఉంది, దాని దగ్గరికి వస్తాను. ముందు ఉయ్యాల సంగతి.

ఉయ్యాలలో గొలుసు తెగడం అరుదు. తెగేది పైనున్న కొక్కెం. రెండున్నర అంగుళాల గొట్టాన్ని ఎనిమిదడుగుల ఎత్తున అడ్డంగా వేసి, దానికి బిగించిన కొక్కేలకు గొలుసు తగిలిస్తారు. ఊగినంతసేపూ ఒరిపిడంతా ఆ కొక్కేనికీ, అందులో కూర్చున్న మొదటి లంకెకే. కింద నుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. నిచ్చెనెక్కి వేలితో తడిమితేనే గాడి తెలుస్తుంది. మూడో వంతు అరిగిందంటే మార్చేయాలి. ఇంకో నెల చూద్దామనుకుంటే ఏ పెద్దపిల్లో నిలబడి ఊగిన రోజున పుటుక్కుమంటుంది. సముద్రం గాలి తగిలే మా వైపు ఈ అరుగుదల ఇంకా తొందర. నట్లు ఊడదీసుకుపోతారని బోల్టు కొసను సుత్తితో చితక్కొట్టేవాళ్ళు. దాంతో దొంగకెంత కష్టమో, రేపు దాన్ని మార్చాల్సిన మాలికీ అంతే కష్టం. ఉలి పెట్టి కోసుకోవాలి.

కూర్చునే చెక్క నేలకు అడుగున్నర ఎత్తులో ఉండేది. దాని కింద అడుగు మందాన పెన్న ఇసక, అదీ ముతకది. సన్న ఇసక ఒక్క వానకే బిగుసుకుపోయి నేలలాగే అవుతుంది, పడిన పిల్లకు అది ఉన్నా లేనట్టే. కాళ్ళు రాసిన చోట గుంత పడితే వారానికోసారి దంతెతో సరిచేయాలి. నెలకోసారి జల్లెడ పట్టాలి. గాజుపెంకులు, సోడామూతలు, పిల్లిపెంట, ఒక్కోసారి పావలాలు. పావలాలు మాలివి.

పక్కన మొజాయిక్ జారుడుబండ. దాని మొహం ఉత్తరానికి పెట్టిన మేస్త్రీ ఎవరో గానీ తెలివైనవాడు. సాయంత్రం ఎండ పిల్లల కళ్ళలో పడదు, బండా కాలదు. తర్వాత వచ్చిన ఇనప రేకు జారుడుబల్లను పడమటికి తిప్పి పెట్టారు. ఏప్రిల్, మే నెలల్లో అయిదు గంటలకు కూడా దాని మీద నిక్కరుతో కూర్చోగలిగినవాడు లేడు. అటుపైన వచ్చిన ప్లాస్టిక్‌ది ఎండకు రంగు వెలిసి, అంచులు పగిలి, గౌన్లు చింపడం మొదలెట్టింది. పాత మొజాయిక్ బండ మాత్రం అట్టాగే ఉంది. గోనెపట్టా వేసుకుని జారితే ఇప్పటికీ సర్రుమంటుంది.

పార్కులోకి పోవడానికి గిర్రున తిరిగే నాలుగు రెక్కల ఇనపగేటు. ఆవులు రాకుండా పెట్టింది. చంకలో పిల్లను, చేతిలో సంచిని పట్టుకున్న ఆడమనిషికి మాత్రం అది పరీక్షే. లోపల నాలుగడుగులు వేస్తే గుండ్రటి చిన్న గది, దాని పక్కన స్తంభం, స్తంభం మీద నాలుగు దిక్కులకూ తిరిగిన నాలుగు హారన్లు. పార్కు రేడియో. ఇంట్లో రేడియో ఉంటే లైసెన్సు కట్టాల్సిన కాలం అది. సాయంత్రం వాచ్‌మన్ తాళం తీసి చెక్కపెట్టె తలుపు తెరిచి మీట తిప్పితే, ముందు బుస్సుమని చప్పుడు, తర్వాత విజయవాడ కేంద్రం. సంగీతం వస్తున్నంతసేపూ ఎవరి కబుర్లు వాళ్ళవి. ప్రాంతీయ వార్తలు మొదలవగానే గడ్డి మీద మాటలు ఆగేవి. రిక్షా తొక్కేవాళ్ళు గోడ అవతలే బండి ఆపుకుని సీటు మీద కూర్చుని వినేవాళ్ళు. వార్తలు కాగానే లేచి పంచెలు దులుపుకోవడం, గేటు కిర్రుమనడం. ఊరికి అదే గడియారం. టీవీలొచ్చాక ముందు హారన్లు మూగపోయాయి, తర్వాత పెట్టె పోయింది. గదిలో ఇప్పుడు చీపుళ్ళు, సున్నం డబ్బాలు.

మాలి తాత పని తెల్లారకముందే మొదలయ్యేది. ఆయన సామానంతా ఒక మూల: గడ్డపార, పార, దంతె, కొడవలి, కంచె కత్తెర, రెండు తట్టలు. మొక్క నాటడంలో ఆయనది ఒకటే పట్టు. వనమహోత్సవం 1950 నుంచీ జూలైలో జరుగుతోంది, అప్పటికి నైరుతి వానలు పడే దేశానికి అది సరైన అదనే. మాకు కాదు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య ఋతుపవనాలే ఇస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆషాఢంలో పెద్దలొచ్చి ఫొటోలు దిగి నాటిన మొక్క ఆశ్వయుజం దాకా మాలి చేతి నీళ్ళ మీద బతకాలి. నాటినవాళ్ళు మళ్ళీ రారు గాబట్టి సగం ఎండిపోయేవి. ఆయన సొంతంగా నాటేవన్నీ చిత్త, స్వాతి కార్తెల్లోనే. గుంత మాత్రం వేసవిలోనే తవ్వి ఎండనిచ్చేవాడు. రెండడుగుల నిడివి, వెడల్పు, లోతు. పైమట్టి ఒక పక్క, లోపలి మట్టి ఒక పక్క. నాటే రోజున పైమట్టిలో రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి కలిపి ముందు అదే అడుగున పోయాలి. వేరు దగ్గర పచ్చిపేడ పడితే మొక్క కాలిపోతుంది. పాదు మొదట్లో తీయకూడదు, జానెడు దూరంలో గుండ్రంగా తీయాలి. మొదట్లో నీళ్ళు నిలిస్తే కాండం కుళ్ళుతుంది.

వేసవి కోసం కుండలు. అయిదారు లీటర్ల మట్టికుండ అడుగున చిన్న చిల్లు, చిల్లులో పాతగుడ్డ వత్తి, మొక్క పక్కన మెడ దాకా పూడ్చి మూత. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. నీళ్ళు మెల్లగా వేరు కిందికి దిగుతాయి, వేరు కూడా వాటి వెంట కిందికి దిగుతుంది. ఇట్లా మూడు వేసవులు దాటిస్తే వేప, కానుగ, పొగడ ఇంక మనల్ని అడగవు.

గడ్డి అట్లా కాదు. దండగ అనేవాళ్ళ మాటలో నిజం ఇక్కడుంది. మే నెలలో పచ్చిక పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లకు తగ్గకుండా పడాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే 20 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు, రోజూ. వీధిలో ఆడవాళ్ళు బిందెలతో బారులు తీరి ఉంటే పార్కులోకి ట్యాంకరు పోతే ఎవరికైనా మండుతుంది. మాలి తాతకే మండేది. "గడ్డికి పోసే నీళ్ళు గాడిదకు పోస్తే బరువన్నా మోస్తాదయ్యా" అనేవాడు. ఆయన లెక్కలో పచ్చిక రేడియో చుట్టూ పది అంకణాలు చాలు, మిగతాదంతా చెట్లు, వాటి కింద రాలిన ఆకు. ఆ ఆకును కూడా తగలబెట్టనిచ్చేవాడు కాదు. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంతలో జానెడు ఆకు, దాని మీద పేడనీళ్ళు, దాని మీద పలచగా మట్టి, మళ్ళీ ఆకు. నెలకోసారి తిరగేస్తే నాలుగు నెలలకు నల్లటి ఎరువు. ఆయన రిటైరయ్యాక వచ్చినవాళ్ళు అగ్గిపుల్లతో పని కానిచ్చారు. ఉదయం నడిచే ముసలివాళ్ళకు ఆ పొగతో దగ్గు, దాని మీద అర్జీలు.

ఇంకో దండగ ఫౌంటెను. ఆగస్టు 15న, జనవరి 26న మాత్రం చిమ్మేది. మా బోరునీళ్ళలో ఉప్పెక్కువ, చిల్లుల్లో తెల్లటి పెచ్చు కట్టి రెండు నెలలకు మూసుకుపోయేది. మిగతా కాలమంతా తొట్టిలో నిలవనీళ్ళు. దోమ గుడ్డు పెట్టిన ఎనిమిది, పది రోజుల్లో కొత్త దోమ లేస్తుంది, అందుకే వారానికోసారి తొట్టి వంపి ఎండగట్టాలంటారు. ఆ పని ఎవరిదో తేలక, ఒకసారి గంబూసియా చేపలు తెచ్చి వదిలారు. అవి లార్వాను తిన్నాయి, వేసవిలో తొట్టి ఎండి అవీ పోయాయి. చివరికి తొట్టిలో మట్టి నింపి బంతిమొక్కలు వేసినవాడి తెలివికి దండం పెట్టాలి.

కంచె మాత్రం చూడాల్సిందే. గోరింట. పెన్సిలంత లావు కొమ్మల్ని తొమ్మిది అంగుళాలు కోసి అడుగు ఎడంగా గుచ్చితే చాలు, వేరు పట్టేస్తుంది. జ్యేష్ఠం నుంచి మాలి తాత కత్తెర ముట్టేవాడు కాదు. చిగుర్లు రోడ్డు వైపు గుబురుగా వంగేవి. ఆషాఢం రాగానే చుట్టుపక్కల వీధుల ఆడవాళ్ళు గిన్నెలు, కొంగులు పట్టుకుని దిగేవాళ్ళు. వారం తిరిగేసరికి కంచె చదునుగా అయిపోయేది. "నా కత్తెర అరక్కుండా చేశారమ్మా" అని నవ్వేవాడు. పూలు కోస్తే కేకలేసే మనిషి, గోరింటాకు దగ్గర మాత్రం పిల్లలకు అందని కొమ్మ వంచి పట్టుకునేవాడు.

1989 నవంబరులో తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. 'గే' అని దానికి పేరు, మా వైపు మాత్రం కావలి తుఫానే. తెల్లారి చూస్తే పార్కులోకి పోవడానికి దారి లేదు. ఏవి పడ్డాయి, ఏవి నిలిచాయి అన్నది అప్పుడు చూసినవాళ్ళకు పెద్ద పాఠం. పచ్చిక మధ్యలో ఉన్న తురాయిలు, నిద్రగన్నేర్లు పళ్ళేల్లా వేళ్ళతో సహా లేచి పక్కకు పడుకున్నాయి. రోజూ పైపైన నీళ్ళు దొరికిన చెట్టు వేరు కిందికి పోదు. గోడ పక్కన ఎవరూ నీళ్ళు పోయని కానుగలు, పొగడలు ఆకు రాలి, కొమ్మ విరిగి, నిలబడే ఉన్నాయి. ఒక్క వేప మాత్రం పడింది. ఎందుకని చూస్తే, కొన్నాళ్ళ కిందట సైడుకాలువ తవ్వినప్పుడు ఒక పక్క వేళ్ళన్నీ నరికేశారు. అది సరిగ్గా రెండో పక్కకే ఒరిగింది.

కొమ్మ నరకడంలో కూడా పద్ధతుంది. బొడ్డెకు అడుగు దూరంలో ముందు కింది నుంచి మూడో వంతు కోయాలి, తర్వాత కాస్త అవతలగా పై నుంచి. కొమ్మ బరువుకు బెరడు చీలకుండా తెగి పడుతుంది. మిగిలిన మొద్దును ఆఖర్న, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మడత వదిలేసి కోయాలి. ఆ మడతే గాయాన్ని మూసేది. ఇవేమీ లేకుండా కరెంటు తీగల కింద తలలు నరుక్కుంటూ పోతే లోపల చెద, పైన గుబురు. తర్వాతి గాలివానకు అదే మొదట పడేది.

పడిన చోట్ల ఏం నాటాలన్నది నర్సరీలో ఏది చవగ్గా, తొందరగా పెరిగేదుంటే అదే. ఆ వరసలో ఈ మధ్య కోనోకార్పస్ వచ్చింది. ఏడాదిలో గోడంత పచ్చదనం, నీళ్ళ పైపుల్లోకి వేళ్ళు, ఒక్క పిట్ట గూడు లేదు. గుజరాత్‌లో 2023లో దాన్ని నాటొద్దని నిషేధించారు. మా పార్కులో వాటిని ఇప్పుడు మళ్ళీ పీకుతున్నారు. నడక దారి పలకలు కూడా అంతే. చెట్టు మొదలు దాకా పలకలు పరిచి సిమెంటు పూశారు. నాలుగు వైపులా కనీసం మూడడుగుల మట్టి వదలకపోతే వేరు ఊపిరి కోసం పైకి తన్నుతుంది, పలక లేస్తుంది, నడిచే ముసలాయన తట్టుకుని పడతాడు, చెట్టును కొట్టేయమంటాడు.

పేకాట, తాగుడు, జంటలు. పార్కంటే ఈ మూడు మాటలు అనకుండా ఉండేవాళ్ళు తక్కువ. పేకాట జరిగేది నిజమే, ఈశాన్యం మూల, పొడవాటి డురంటా కంచె వెనక. పోలీసులొచ్చిన రోజున లేచిపోయి మర్నాడు వచ్చేవాళ్ళు. పైనుంచి వచ్చిన ఒక ఆఫీసరు చేసింది చాలా చిన్న పని. కంచెను మూడడుగులకు కొట్టించాడు. చెట్ల కింది కొమ్మలు ఏడడుగుల ఎత్తు దాకా తీయించాడు. గోడ వైపు తిరిగిన సిమెంటు బెంచీలను పెళ్ళగించి దారి వైపు తిప్పి పెట్టించాడు. ఒక లైటు వేయించాడు. నెలలో పేక ముక్కలు మాయం. ఆ మూలే తర్వాత కావలి జవహర్ భారతిలో చదివే పిల్లలకు పరీక్షల ముందు చదువుకునే చోటయింది. ఇంట్లో నలుగురు పడుకునే గదిలో లైటు వేసుకోలేనివాళ్ళు వాళ్ళు.

కానీ తర్వాత ఇంకో తెలివి పుట్టింది. ఉదయం పదింటికి గేటుకు తాళం, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తీయడం. చెడు తగ్గుతుందట. ఆ ఆరు గంటల్లో ఆ పార్కులో ఎవరుంటారో తాళం వేయించినవాళ్ళు ఎప్పుడూ వచ్చి చూసి ఉండరు. వింజమూరు, కొండాపురం వైపు పల్లెల నుంచి తొలి బస్సుకు వచ్చి ఆస్పత్రిలో చీటీ రాయించుకుని, రిపోర్టు మధ్యాహ్నం రమ్మంటే ఎక్కడ కూర్చోవాలో తెలియనివాళ్ళు. హోటల్లో కూర్చోవాలంటే ఏదో ఒకటి తినాలి, కొట్టు అరుగు మీద కూర్చుంటే లెమ్మంటారు. కానుగ కింద టవలు పరుచుకుని, సద్ది విప్పుకుని, మందుల సంచి తలకింద పెట్టుకుని పడుకునేవాళ్ళు. పక్కన రిక్షావాళ్ళు, గాజులబుట్ట దించుకున్న ఆవిడ, పని దొరకని కూలీలు. ఎందుకొచ్చావని అడగని జాగా ఊరి మొత్తం మీద గుడి తర్వాత అదొక్కటే, మధ్యాహ్నం గుడికి కూడా తాళమే. పొద్దున నడిచేవాళ్ళ కోసం ట్రాకు, సాయంత్రం పిల్లల కోసం బొమ్మలు. మధ్యాహ్నం వాళ్ళ కోసం అడిగే నోరు లేదు. తాగేవాళ్ళకేం, వాళ్ళు రాత్రి గోడ దూకి వస్తారు.

అద్దెల లెక్క చెప్పే టీ కొట్టు పెద్దమనిషికి ఒక కేసు గుర్తుచేయాలి. బెంగుళూరు రాజమహల్ విలాస్‌లో పార్కుకని ఉంచిన జాగాను ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇస్తే అక్కడివాళ్ళు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆస్పత్రి మంచిదే అయినా పార్కుగా అనుకున్నది పార్కుగానే ఉండాలన్నది అందులో తేలిన విషయం. మన రాష్ట్రంలో 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం కొత్త లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలంగా వదలాలి. వదులుతారు కూడా, ప్లాటుగా అమ్ముడుపోని మూల, మురుక్కాలువ వారన, త్రికోణంగా. దాంట్లో బెంచీ వేయడానికే చోటుండదు. ఊరి మధ్యన చదునైన రెండెకరాలు పోగొట్టుకుంటే ఇక ఎవరూ కొని ఇవ్వరు. మా పార్కులో ఒక మూల ఇప్పటికే నీళ్ళ ట్యాంకు లేచింది. అది కావాల్సిందే, ఎవరూ కాదనలేదు. దాని పక్కన పంపు గది, పంపు గది పక్కన సామాన్ల షెడ్డు. షెడ్డుకు వాకిలి కావాలని పొగడచెట్టు పోయింది.

కార్తీకంలో మాత్రం ఎవరూ దండగ అనరు. ఉసిరిచెట్టు కింద చాపలు పడతాయి. ఆ వారం ముందే మాలి తాత చెట్టు దక్షిణాన విస్తరాకుల కోసం గుంత తవ్వించేవాడు. కాయ బరువుకు ఉసిరికొమ్మ ఇట్టే విరుగుతుంది, పిల్లలు ఊగకుండా వెదురు ఊతాలు కట్టేవాడు. అరటాకులు పోయి థర్మకోల్ పళ్ళేలు వచ్చాక గుంతకు పనిలేకుండా పోయింది. అవి గాలికి లేచి కంచెకు అతుక్కుంటాయి.

తుఫానుకు పడిన వేపను వేలానికి పెట్టినప్పుడు మాలి తాత ఒక దుంగ అడిగి తీసుకున్నాడు. అడ్తీలో కోయించి, ఆరు నెలలు నీడన ఆరబెట్టి, ఒకటిన్నర అంగుళం మందాన ఉయ్యాల చెక్కలు చేయించాడు. అంచులు గుండ్రంగా చిత్రిక పట్టించి, చిల్లుల్లో ఆముదం పోయించాడు. ఆముదమే ఆయన సర్వరోగ నివారిణి. శనివారం పొద్దున్నే నిచ్చెన మీద కోడి ఈకతో కొక్కేనికి రెండు చుక్కలు. గ్రీజు పెడితే దానికి ఇసక అంటుకుని ఆకురాయిలా ఇనుమును ఇంకా కొరుకుతుందనేవాడు. అదీగాక ఎండకు కరిగి గొలుసు వెంబడి జారి పిల్లల గౌన్లకు అంటుతుంది.

కావలి నుంచి తిరిగొస్తూ సాయంత్రం బస్సు దిగి పార్కు వైపు వెళితే, నాలుగు ఉయ్యాలల్లో మూడింటికి ప్లాస్టిక్ సీట్లు. నాలుగోదానికి ఇంకా ఆ వేపచెక్కే ఉంది, మధ్యలో నున్నగా గుంటపడి. దాని మీద ఒక పిల్ల ఊగుతోంది. పైన కొక్కెం కీచు కీచుమంటోంది, కింద ఇసక లేదు. ఆ పిల్ల దిగి, రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మొహం చిట్లించి, మళ్ళీ ఎక్కింది.